మా యింటి మట్టిబండి

పిల్లలకు బొమ్మ కొనుట కూడ వ్రాయదగిన విషయమేనా యని సోదరీమణులు నవ్వవచ్చును. రెండు నెలల క్రిందట నైనచో మేమును నవ్వియుందుము. చీర కొనునపుడు అంచు చూచి, కొంగు చూచి, రంగు నిలుచునో నిలువదో యని నాలుగు దుకాణములు తిరుగుదుము. చింతపండు కొనునపుడు గింజ యున్నదో లేదో నొక్కి చూతుము. బొమ్మ కొనునపుడు మాత్రము పిల్లవాడు వ్రేలు చూపిన దానిని తీసికొని, వెల యడిగి, సంచిలో వేసికొని వత్తుము. ఈ యజాగ్రత్త వలన మా యింట నొక పసివాని మనసు నొచ్చినది. ఒక పసిదాని చేయి వెనుకకు లాగబడినది. ఆ రెండు తప్పులును మావే. వానిని దిద్దుకొన్న విధమును చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు.

మాది నరసరావుపేట. 2022 ఏప్రిలు 4వ తేదీని పల్నాడు జిల్లా యేర్పడి, మా యూరు దానికి ముఖ్యపట్టణమైనది. నాటినుండి వీధులలో సందడి హెచ్చినది గాని, ఊరు దాటి నాలుగడుగులు వేసినచో నేటికిని పత్తిచేలు, మిరపకళ్ళములే యెదురగును. మా యిల్లు ఊరి చివర, పొలముల కెదురుగా నున్నది. మా కుమార్తె హైదరాబాదులో నుద్యోగము చేయుచున్నది. దాని కొడుకు, పదేండ్లవాడు, వేసవి సెలవులకు మా యొద్దకు వచ్చెను. మా కుమారుని బిడ్డ, పండ్రెండేండ్లది, మా యింటనే పెరుగుచున్నది. వరుసకు వదినయు మఱదియు నగుటచే వీరిద్దఱకు నొక గడియ పొందు, ఒక గడియ పోరు.

పిల్లవాడు వచ్చిన మొదటి వారము చేతిలోని ఫోను నుండి తల యెత్తలేదు. అన్నము కలిపి ముద్ద నోటికందించినను కన్నులు దాని మీదనే. “కాసేపు ఆడుకోరా” యన్నచో “ఆడుతూనే ఉన్నాను అమ్మమ్మా” యనెడివాడు. వ్రేళ్ళు తప్ప మేనిలో మఱేదియు కదలెడిది కాదు. తల్లి పగలంతయు కొలువులో నుండును. పిల్లవాని నూరడించుటకు దానికి దొరికిన సాధనమది. దానిని తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు.

ఒకనాటి సాయంకాలము బజారులో నొక దుకాణపు గుమ్మమున వాడు నిలిచిపోయెను. ఎఱ్ఱని బొమ్మకారు; చేతిలో రిమోటు పట్టుకొని దూరమునుండి నడపునది. పెట్టె మీద కొండలు, బండరాళ్ళు, ఎగసిపడు దుమ్ము చిత్రింపబడియున్నవి. “మట్టిలో కూడా పోతుందమ్మా” యని దుకాణములోనివారు చెప్పిరి. వెల 900 రూపాయలు. అంతకంటె నేమియు నడుగక కొంటిమి.

మా వసారాలోని నాపరాళ్ళ మీద రెండు దినములు అది చక్కగా పరుగెత్తెను. పిల్లవాడు ఫోనును మఱచెను. మూడవనాడు వదినా మఱదులిద్దఱును దానిని పొలముగట్టునకు తీసికొనిపోయిరి. మా నల్లరేగడి సంగతి ఎఱిగినవారికి చెప్పనక్కఱలేదు. వైశాఖపు టెండకు భూమి నోళ్ళు తెఱచును. ఆ నెఱ్ఱెలలో పెద్దవారి చేయి దూరును. కొట్టిన పత్తికట్టెల మోళ్ళు ములుకులవలె నిలిచియుండును. బొమ్మకారు చక్రము నెఱ్ఱెలో దిగబడి, గీపెట్టి, కమురు వాసన వేసి, ఊరకుండెను. మఱి కదలలేదు.

“తొమ్మిదివందలు మట్టిపాలు చేశావు గదరా! ఇంట్లో ఆడుకుంటే ఏం పోయేది?” అని గద్దించితిమి. వాడు మాఱు పలుకలేదు. బొమ్మను అరుగు మీద నుంచి, లోనికి పోయి, మరల ఫోను చేత బట్టెను. ఆ రాత్రి పెరుగన్నము ముట్టలేదు.

మనుమరాలు ఆ బొమ్మను తిప్పి తిప్పి చూచి, “నాయనమ్మా, విప్పి చూడనా?” అని యడిగెను. “ఆడపిల్లవు, నీకెందుకే ఆ ఇనప పని? వేలు తెగితే?” అంటిమి. అది బొమ్మను క్రింద పెట్టెను.

మఱునాటి మధ్యాహ్నము మేము కునుకు తీసి లేచుసరికి కుట్టుమిషను గదిలో నేదో చప్పుడయ్యెను. తలుపు త్రోసి చూచితిమి. నేల మీద వార్తాపత్రిక పఱచియున్నది. దాని మీద ఆ కారు అంగాంగములుగా విప్పబడి యున్నది. ఏ మర ఎచ్చటిదో తప్పకుండునట్లు వరుసగా సీసామూతలలో పెట్టబడియున్నది. మనుమరాలి చేతిలో మా కుట్టుమిషను సొరుగులోని చిన్న స్క్రూడ్రైవరు. అది బెదరి లేవబోయి, మరల కూర్చుండి, వెనుక యిరుసును చూపెను. కండెకు దారము చుట్టినట్లు దానికి తెల్లని పత్తిపోగు బిగిసి చుట్టుకొని యున్నది.

“చూడు నాయనమ్మా. పత్తి చుట్టుకుంది. ఇరుసు తిరగలేదు. మోటారేమో ఆగలేదు. అందుకని ఈ పళ్ళు అరిగిపోయాయి. వాడు పగలగొట్టలేదు. దీనికి మట్టిలో పోయే బలమే లేదు.”

చిటికెనవ్రేలి గోరంత గేరు. దాని పండ్లు ముసలివాని చిగుళ్ళవలె నున్నగా నరిగిపోయినవి.

మాకు నోట మాట రాలేదు. నలుబదేండ్లుగా మా కుట్టుమిషనును మేమే నడుపుకొనుచున్నాము. షటిలు క్రింద చేరిన దారపు నూగును తీసి, నూనెచుక్క వేసి, బెల్టు సడలినచో బిగించుకొని, సూది వంకరైనచో మార్చుకొని, ఏ మిస్త్రీని పిలువక పని గడుపుకొంటిమి. అది యినుప పని కాదా? ఈ బిడ్డ యీ విద్యను మఱెవ్వరి యొద్ద నేర్చినది? మా ప్రక్కన కూర్చుండి చూచియే గదా!

అపుడు మాకొక సంగతి జ్ఞప్తికి వచ్చెను. మా చిన్ననాట ముంజెలు తినిన తాటిబుఱ్ఱలు రెండింటిని పుల్లకు గ్రుచ్చి, పంగలకఱ్ఱతో త్రోయుచు మా యన్నలు వీధులన్నియు తిరిగెడివారు. దానికి వెల లేదు, చెడుట లేదు, చెడినచో మఱియొక కాయ. మేమును త్రోసెదమని యడిగినపుడు ఇంటి పెద్దావిడ “ఆడపిల్లవు, వీధులెంట బండి తోస్తావా?” అనెను. ఆ మాటను మఱచితిమనియే తలచితిమి. అది మాలో నేబదేండ్లు దాగియుండి, నిన్న సాయంకాలము చెక్కు చెదరక మా నోట వెడలినది.

ఆ రాత్రి పిల్లవానిని దగ్గఱకు పిలిచి, “తప్పు నీది కాదురా. చూసుకోకుండా కొన్న మాది” అని చెప్పితిమి. నిన్నటి నుండి యేడువని వాడు అపుడేడ్చెను. తిట్టు తినినపు డేడ్వని పిల్లలు న్యాయము జరిగినపు డేడ్తురని మా కాదినమున తెలిసినది.

బండి కొఱకు పిల్లవా డేడ్చుట నేటి వింత కాదు. శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుని కొడుకు రోహసేనుడు పొరుగు పిల్లవాని బంగారుబండి చూచి, తన మట్టిబండి నొల్లక యేడ్చును. వసంతసేన తన నగలను తీసి యా మట్టిబండిలో నింపి, బంగారుబండి చేయించుకొమ్మనును. నాటకమునకు పేరు పెట్టినది ఆ మట్టిబండియే. హరప్పా, మొహెంజొదారోలలో మట్టితో చేసి కాల్చిన బొమ్మబండ్లు దొరికినవి. అవి నాలుగువేల యేండ్లనాటివి. నాటి తల్లులును తమ పిల్లలకు బండ్లు చేయించి యిచ్చినవారే.

కావున ఈ మాఱు తెలిసి కొనవలెనని నిశ్చయించుకొంటిమి. వెండిగిన్నె కొఱకు దాచిన చీటీ సొమ్ము మా యొద్ద పదివేలకు పైగా నున్నది. మావారితో చెప్పగా “బొమ్మకు పదివేలా?” యని ఆశ్చర్యపడిరి. “ఫోనుకు పదునైదువే లిచ్చితిమి. అది పిల్లవానిని కూర్చుండబెట్టినది. ఇది లేపునేమో చూతము” అంటిమి. వారు కొంతసేపు ఊరకుండి, “కొనండి, గానీ ఏమి కొంటున్నారో తెలుసుకుని కొనండి” అనిరి. పిల్లలిద్దఱును మేమును పదిదినములు విచారించితిమి. మాకు తెలిసిన దానిని సోదరీమణుల కొఱకు క్రమముగా చెప్పుచున్నాము.

తీగ లేకయే దూరమునుండి వస్తువును నడపుట పాత విద్యయే. పందొమ్మిదవ శతాబ్ది చివరి దినములలో కలకత్తాలో జగదీశచంద్ర వసువు కంటికి కనబడని తరంగములతో దూరమున నున్న గంటను మ్రోగించి చూపెను. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున నీటితొట్టిలో నొక చిన్న పడవను రేడియో తరంగములతో నడపెను. జపానుదేశపు షిజువోకాలోని టామియా వారు 1976లో తమ మొదటి రేడియో కారును, 1979లో ఇసుకలో మట్టిలో పరుగెత్తు బండ్లను అమ్మకమునకు తెచ్చిరి. మట్టిలో నడచు బొమ్మబండికి ఆ నాటినుండి ప్రత్యేకముగ నొక రూపమేర్పడినది. మేము కొన్న 900 రూపాయల కారు రోడ్డుబండికి మట్టిబండి వేసము వేసినది మాత్రమే.

మొదట గ్రహింపవలసినది, ఈ బండ్లలో రెండు జాతులున్నవి. ఒకటి బొమ్మజాతి. అది చెడినచో పాఱవేయవలసినదే. దాని గేరు విడిగా దొరకదు. రెండవది సరదాపరులు వాడు జాతి. దానిలో ప్రతి భాగమునకు నొక సంఖ్య యుండును. చక్రము, ఇరుసు, గేరు, మోటారు, ఏది పోయినను అదియొక్కటే కొని బిగించుకొనవచ్చును. మనము రుబ్బుడుయంత్రము కొనునపుడు దాని బెల్టు మన యూర దొరకునా యని యడుగుదుము గదా. ఇచ్చటను అడుగవలసిన మొదటి ప్రశ్న అదియే. బండి యెంత వేగముగా పోవునని కాదు. విఱిగిన భాగము దొరకునా యని.

రెండవది పరిమాణము. పెట్టె మీద 1:10, 1:18 అని యుండును. అసలు బండిలో పదవవంతు, పదునెనిమిదవవంతు అని దాని యర్థము. రెండవ అంకె పెరిగినకొలదిని బండి చిన్నదగును. 1:24 బండి వసారాకు చాలును. 1:18 బండి జేనెడు పైచిలుకు. చదునైన పెరటికి బాగుండును. 1:10 బండి మూరెడు పొడవుండి చేలలో నిర్భయముగ పోవును గాని, వెల మా చీటీ సొమ్మునకు రెట్టింపు దాటును. మా నెఱ్ఱెల వెడల్పును మనుమరాలు స్కేలుతో కొలిచి తెచ్చెను. చక్రము నెఱ్ఱెకంటె పెద్దదిగా నుండవలెనని చెప్పెను. అంగడివా రెవ్వరును మాకీ మాట చెప్పలేదు. నడుమ పరిమాణమైన 1:14 బండి, అడుగు పొడవుది, మాకు సరిపడునని తేలెను. పెద్ద నెఱ్ఱెలున్న చోటికి పోకుండుట మన పని.

మూడవది రూపము. బగ్గీ యనునది నేల కంటుకొని పరుగెత్తును. చదునైన మట్టికి తగినది. మాన్‌స్టర్ ట్రక్కు అను దానికి పెద్ద చక్రములు, నేలకు ఎడము హెచ్చు, మోళ్ళను దాటిపోవును. క్రాలరు అను మూడవదానికి వేగము లేదు. రాళ్ళ మీద నొక్కొక్క చక్రమే పెట్టుచు నెక్కును. మా ప్రాంతమున బండలాగుడు పందెములు చూచినవారికి దీనిని బోధింప నవసరము లేదు. పందెపు గుఱ్ఱము వేఱు. బండలాగు ఎద్దు వేఱు. ఒకదాని పని మఱియొకదాని నడుగరాదు. ఎడము హెచ్చినకొలదిని మంచిదనుకొనుటయు పొరపాటే. శివరాత్రికి మా కోటప్పకొండ తిరునాళ్ళకు ఊళ్ళనుండి విద్యుద్దీపముల ప్రభలు వచ్చును. అవి యెంత ఎత్తైనవో, వానిని పడకుండ పట్టుటకు అన్ని త్రాళ్ళు కావలెను. బొమ్మబండికి త్రాళ్ళు కట్టువారుండరు. కావున ఎత్తు కొంత, వెడల్పు దానికి తగినంత యుండు ట్రక్కును ఎన్నుకొంటిమి.

నాలుగవది చక్రములను త్రిప్పు విధము. కొన్నింటికి వెనుక రెండు చక్రములే తిరుగును. అవి తేలిక; మఱమ్మతు సులభము. గాని వదులుమట్టిలో తోక విసరి ప్రక్కకు జాఱును. నాలుగు చక్రములును తిరుగునది దుమ్ములో నిలుకడగా లాగును. మలుపున వెలుపలి చక్రము లోపలి దానికంటె ఎక్కువ దూరము పోవలెను గనుక రెండింటిని వేర్వేఱు వేగములతో తిరుగనిచ్చు డిఫరెన్షియలు అను గేర్లపొట్లము మంచి బండ్లలో నుండును. కుదుపు నాపు స్ప్రింగులలో నూనె నింపినవి మేలు. వట్టి స్ప్రింగు బండిని బంతివలె నెగురవేయును. ఇరుసులును గేర్లును మూతలలో దాగియుండవలెను. మా యూరి పత్తిపోగునకు ఇదియే విరుగుడు.

అయిదవది మోటారు. బ్రష్షులున్న మోటారు చవుక. తొలుత నేర్చువారికి చాలును. లోపలి బొగ్గుముక్క లరుగును గనుక కొంతకాలమునకు మార్చవలసి వచ్చును. బ్రష్షులు లేనిది హెచ్చు కాలము మన్ను, హెచ్చు వేగము నిచ్చును, హెచ్చు వెలయు నగును. వేగమును గూర్చి తల్లులు జాగ్రత్తపడవలెను. గంటకు 35 కిలోమీటర్లు అనగా క్షణమునకు దాదాపు పది మీటర్లు. సేరెడు బరువున్న బండి ఆ వేగముతో పసివాని చీలమండకు తగిలినచో దెబ్బ చిన్నది కాదు. వేగమును సగమునకు తగ్గించు మీట రిమోటులో నున్నదా యని చూచి కొనవలెను. మేము బ్రష్షుల మోటారునే కొంటిమి.

ఆఱవది బ్యాటరీ. నికెలు జాతి గడి యొకటికి 1.2 వోల్టులు, ఆఱు గడులు చేరిన 7.2. లిథియము జాతి గడి యొకటికి 3.7, రెండు చేరిన 7.4. లిథియము తేలిక, బలము హెచ్చు. గాని పొయ్యివలె భయభక్తులతో చూచుకొనవలసినది. గడి 4.2 వోల్టులకు మించి నిండరాదు. 3 వోల్టులకు దిగువ ఎండరాదు. నిండుటను దాని ఛార్జరు, ఎండుటను బండిలోని కట్ ఆఫ్ అను నేర్పాటు కాపాడును. ఆ రెండును ఉన్నవా యని యడుగవలెను. ఇక ఆట యెంతసేపన్నది లెక్క వేసికొనవచ్చును. 1500 మిల్లీ ఆంపియరు గంటల బ్యాటరీ ఒక గంటసేపు ఒకటిన్నర ఆంపియరుల చొప్పున నిచ్చును. మోటారు సగటున ఆఱు ఆంపియరులు త్రాగినచో పదునైదు నిముషములలో నది అయిపోవును. గంటలకొలది యాట యని భ్రమపడరాదు. రెండవ బ్యాటరీకి సొమ్ము మిగుల్చుకొనుట వివేకము.

ఏడవది రేడియో. పాత బండ్లు 27, 49 మెగాహెర్ట్‌జుల మీద నడచెడివి. ఒకే పాయలో నున్న రెండు బండ్లు ఒకచోట చేరినచో ఒకరి రిమోటుకు మఱియొకరి బండి తిరిగెడిది. 2.4 గిగాహెర్ట్‌జుల రిమోటు తన బండిని తానే గుర్తుపట్టును. చవుక బొమ్మలలో నేటికిని పాతదియే తఱుచు. ఆటకు ముందు రిమోటును, పిదప బండిని వెలిగింపవలెను. ముగించునపుడు ముందు బండిని, పిదప రిమోటును ఆర్పవలెను. ఈ వరుస తప్పినచో బండి తనంత తాను పరుగెత్తవచ్చును.

కడపటి మాట. పదునాలుగేండ్ల లోపువారి బొమ్మలకు మన దేశమున 2021 జనవరి 1 నుండి ఐ.యస్.ఐ. ముద్ర తప్పనిసరి చేయబడినది. పసిపిల్లల బొమ్మ కొనునపుడు ఆ ముద్ర చూడవలెను. సరదాపరుల బండ్ల పెట్టెల మీద తఱుచు పదునాలుగేండ్లు నిండినవారి కని వ్రాసియుండును. అట్టిదానిని చిన్నవారి చేతికిచ్చినచో పెద్దవా రొకరు దగ్గఱ నిలిచియుండుట తప్పదు. మేము దీనికి సమ్మతించియే కొంటిమి. సాయంకాలపు వంటను ఒక గంట వెనుకకు జరుపుకొని, గట్టు మీద పీట వేసికొని కూర్చుండు నేర్పాటు చేసికొంటిమి.

మా కుమార్తె హైదరాబాదులో కొని బండిని పంపెను. రెండవ బ్యాటరీతో కలిపి పదునొకండు వేలకు కొంచెము లోపు. మొదటినాడు బండి దుమ్ము లేపుకొని కళ్ళమునకు అడ్డముగ పరుగెత్తినపుడు, పిల్లవాడు దాని వెంట చెప్పులు లేకుండ పరుగెత్తెను. వాడు పరుగెత్తుట ఆ సెలవులలో మేమదియే మొదటిమాఱు చూచుట.

మూడవనాడు గట్టున పడియున్న నాపరాతి ముక్కకు బండి గ్రుద్దుకొని ముందు చక్రపు చేయి విఱిగెను. వాడు బండి నెత్తుకొని మా మొగమువంక చూచెను. ఆ చూపు మేము మఱువలేము. తిట్టుదుమో తిట్టమో యని కనిపెట్టు చూపు. “దాని నంబరెంతో చూడమని మీ వదినతో చెప్పు” అంటిమి. వాని మొగము విప్పారెను. నాలుగు దినములకు భాగము వచ్చెను. దాని వెల 250 రూపాయలు. ఆ నాలుగు దినములును పిల్లలు బండిని విప్పి తుడుచుచు, ఏ గేరు దేనిని త్రిప్పునో చూచుచు గడపిరి. బండి నడచిన దినములకంటె నిలిచిన దినములలోనే వారు హెచ్చు నేర్చుకొనిరి.

భాగము బిగించినపుడు వాడు రిమోటును మనుమరాలి చేతబెట్టి, “వదినా, ఇవాళ నువ్వే మొదలుపెట్టు” అనెను. అది గట్టు వెంట బండితోపాటు పరుగెత్తుచుండగా, దారిని పోవు నొక యమ్మ ఆగి, “ఎదిగే పిల్ల, పొలంగట్టున ఆ పరుగులేంటమ్మా?” అని మాతో ననెను. పాత మాటయే, నోరు మాత్రము వేఱు. “మా ఇంటి మిస్త్రీ అమ్మా అది. అది లేకపోతే బండి కదలదు” అంటిమి. ఆమె నవ్వి, కొంతసేపు నిలిచి చూచి, తన మనుమనికి అట్టిది యెంతకు వచ్చునని యడిగి పోయెను.

బండి కొన్నవారు ఎండను మఱువరాదు. మా జిల్లాలోని రెంటచింతల యెండలకు పేరుమోసినది. మా యూరును దానికి దగ్గఱ చుట్టమే. ఎండలో నిలిపిన కారులోను, స్కూటరు డిక్కీలోను బ్యాటరీ నుంచరాదు. ఆడి తెచ్చిన వెంటనే ఛార్జింగు పెట్టరాదు, చల్లారనీయవలెను. మేము పఱుపులకు, గుడ్డలకు దూరముగ, వసారాలో నాపరాయి మీద పెట్టి, మేల్కొనియున్నపుడే ఛార్జింగు చేయుదుము. ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు. రాత్రివేళ దానిని మఱచి పండుకొనుట పొయ్యి నార్పక పండుకొనుట వంటిది. ఆట ముగిసిన పిదప చక్రముల మూలలలోని పత్తిపోగును సూదితో తీసి, దుమ్ము కుంచెతో దులిపినచో బండి యెక్కువ కాలము మన్నును. ఇవన్నియు కుట్టుమిషనున్న యింట క్రొత్త విద్యలు కావు.

జూనులో బడులు తెఱచు దినము దగ్గఱపడెను. వాని పెట్టె సర్దుచు, బండిని గుడ్డలో చుట్టి పైన పెట్టితిమి. వాడు దానిని బయటికి తీసి, “ఇది ఇక్కడే ఉండనీ అమ్మమ్మా. అక్కడ మట్టి లేదు” అనెను. కొంత తడవాగి, “బాగుచేసేది కూడా వదినే గదా” అనెను. ఫోను చూచుట వాడు మానెనని మేము చెప్పము, మానలేదు. గాని యిపుడు ఆదివారము సాయంకాలము ఆ ఫోనులోనే వదినను పిలిచి, గేరు చూపుమనియు, నేడెక్కడ నడపితివనియు, ఎన్నిమాఱులు పొరలినదనియు నడుగుచున్నాడు. ఆ గంటసేపు ఇద్దఱ మాటలును వినవచ్చుచుండగా మేము పీట మీద కూర్చుండి కూర తరుగుకొందుము.

వెండిగిన్నె కొనలేదు. కొఱతగా తోచుటయు లేదు. మా కుట్టుమిషను సొరుగులో ఆ చిన్న స్క్రూడ్రైవరు మాత్రము లేదు. అది మనుమరాలి పుస్తకముల సంచిలో నుండును. సూది బిగించుకొనవలసి వచ్చినపుడు మేమే దాని నడిగి తీసికొని, పని కాగానే మరల దాని చేతికిచ్చుచున్నాము.